పాతవి రెండు, కొత్తవి రెండు

పెదజాలరిపేటలో గంగాలమ్మ నోటికి చిక్కనివాళ్ళు లేరు. బీచిరోడ్డు మీద సముద్రానికి వీపు చూపించి, ఫోను పైకెత్తి నవ్వే జంటలను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. ఊళ్ళు దాటి సముద్రం చూడ్డానికి వచ్చి, తీరా వచ్చాక దానివంక తలతిప్పి చూడని వెర్రిజనం అనేది. తన చేపల బుట్ట దగ్గర నిలబడి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని కానాగడతలు బేరమాడే అపార్ట్‌మెంటు ఆడవాళ్ళను, వాళ్ళు వెనక్కి తిరగకముందే వాళ్ళలాగే చేసి వెక్కిరించేది. మొగుడు అర్జునరావుది గాలి ఎటు కొడితే అటు తిరిగే బతుకని, కొడుకు గణేష్‌కు నిద్ర ఎక్కువని, కోడలు ఆశకు వంట రాదని రోజుకొకసారైనా పేటకంతటికీ వినపడేలా చెప్పకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు.

ఆశ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ప్యాకింగు సెక్షన్లో పనిచేసేది. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చేది. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని పరుగెత్తే కోడలిని చూసి గంగాలమ్మ, మెడకు తాడు కట్టుకుని మరీ వెళ్తోందని ఎగతాళి చేసేది. ఆశ తిరిగి మాట్లాడేది కాదు. ఆ మాట్లాడకపోవడం కూడా పొగరేనని అత్తగారి లెక్క.

అలాంటి గంగాలమ్మ చేతికి కెమెరా రావడం పేటలో చాలాకాలం నవ్వులాటగా ఉండేది. హుద్‌హుద్ తుపాను పోయాక కొద్దికాలానికి ఎక్కడినుంచో ఒక సంస్థవాళ్ళు వచ్చారు. ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళను, సముద్రం కోసుకుపోతున్న ఇసుకను పేట ఆడవాళ్ళే ఫొటోలు తీసి పంపాలన్నారు. షామియానా వేసి శిక్షణ ఇచ్చారు, ఉప్మా పెట్టారు, తలా ఒక కాగితం ఇచ్చి గ్రూపు ఫొటో దిగారు. చురుగ్గా ఉందని గంగాలమ్మకు పెద్ద కెమెరా ఇచ్చారు. చుట్ట చుట్టిన తువ్వాలంత లావు, ముందుకు పొడుచుకొచ్చే అద్దం, దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొచ్చే మర. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది. వాటిని మళ్ళీ మళ్ళీ చార్జింగు పెట్టుకోడానికి గోడకు తగిలించే నల్లడబ్బా కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఆ సంస్థవాళ్ళు మళ్ళీ కనబడలేదు. తాబేళ్ళు మాత్రం చస్తూనే ఉన్నాయి. ఉప్మాలో జీడిపప్పు వేసినవాళ్ళకు తాబేళ్ళ మీద ప్రేమ ఎంతకాలం ఉంటుందని గంగాలమ్మ అనేది. కానీ కెమెరా మాత్రం పారేయలేదు. పాత చీరముక్కలో చుట్టి, బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. పెళ్ళిళ్ళకు, పండక్కు, పడవకు కొత్తరంగు వేసినప్పుడు తీస్తుండేది. ఆమె తీసిన ఫొటోల్లో మనుషులు బిక్కమొహాలు వేసుకుని ఉండేవారు. నవ్వొద్దని ముందే కసిరేది మరి.

కొన్నేళ్ళకు ఒక వానాకాలం వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. పెద్ద మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి వలలు లాగడం మొదలుపెట్టాయి. అంత దగ్గరికి రాకూడదని వాళ్ళకూ తెలుసు. అర్జునరావు, గణేష్ సాయంత్రం వల వేసి, గుర్తుకు జెండాలు కట్టి, తెల్లవారుజామున తీయడానికి వెళ్ళేవారు. ఒకరోజు వెళ్ళేసరికి వలలో సగం లేదు. మిగిలిన సగం మెలిపడి, బెండ్లు తెగి, ఎందుకూ పనికిరాకుండా ఉంది. మరబోటు దానిమీదుగా పోయిందని చూస్తేనే తెలుస్తోంది. పేట పెద్దలు హార్బరుకు వెళ్ళి అడిగారు. ఏ బోటో చెప్పండి, నంబరు చెప్పండి, ఊరికే వచ్చి అరిస్తే ఎవరిని అడుగుతామని అక్కడి బోటు సంఘంవాళ్ళు అన్నారు. పెద్దలు తలలూపి తిరిగొచ్చారు.

తలలూపడానికే అయితే ఇంతమంది ఎందుకు, ఒక్కడు వెళ్ళి ఊపినా సరిపోయేదని గంగాలమ్మ వాళ్ళ మొహం మీదే అంది. మర్నాడు కెమెరా తీసింది. ఫోనులో దూరపు బోటు చీమలా కనబడుతుంది. ఈ కెమెరాలో అయితే కేబిను మీద రాసిన అంకెలు కూడా చదువుకోవచ్చు. పేట చివర రాళ్ళగుట్ట ఎక్కి నిలబడి, తెల్లవారాక సముద్రంలోకి గురిపెట్టింది. మర ముందుకు పొడుచుకొచ్చింది, గురగురమంది, తెర మీద ఎర్రగుర్తు వెలిగింది, ఆరిపోయింది. రాత్రంతా చార్జింగు పెట్టిన బ్యాటరీలే అవి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. వేసిన మెతుకును అరిగించుకోలేని ముసలి కడుపులా, ఆ బ్యాటరీలు ఎక్కిన కరెంటును ఎక్కినట్టే పోగొట్టుకుంటున్నాయి.

డాబాగార్డెన్స్ వైపు సందులో దేవీప్రసాద్‌కు చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. పద్మనాభం దగ్గర పల్లెవాడు. ఇంటి దగ్గర వరిపొలం తమ్ముడికి అప్పజెప్పి, రోజూ మోటారుసైకిలు మీద ఊళ్ళోకి వచ్చి దుకాణం తెరుస్తాడు. గంగాలమ్మ కెమెరా బల్లమీద పెట్టగానే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది చూసి చాలా రోజులైందని, దీని బదులు మంచి ఫోను కొనుక్కోవచ్చు కదా అని అన్నాడు. పొలం ఉన్నవాడు పొలం చేసుకోక, ఊళ్ళోకి వచ్చి పక్కవాళ్ళకు సలహాలు చెప్పడం కొత్తరకం వ్యవసాయమా అని ఆమె అడిగింది. దేవీప్రసాద్ నవ్వేసి బ్యాటరీలు బయటికి తీసి చూశాడు. రెండింటి మొనలు తెల్లగా పొంగి, పొట్టు రేగి ఉన్నాయి. మిగతా రెండూ పైకి బాగానే ఉన్నాయి.

"నాలుగూ ఒకేపాలి మార్చుకోవాలమ్మా. రెండు కొత్తవి, రెండు పాతవి కలిపి ఏత్తే పాతవి కొత్తవాటిని కూడా లాగేత్తాయి. ఈ చార్జరు కూడా పాతదైపోనాది," అన్నాడు.

"నాకు పళ్ళు రెండు ఊడిపోనాయి బాబూ. అలాగని మిగిలినవన్నీ పీకించుకోమంటావేటి?"

దుకాణంలో ఉన్న ఇంకో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతో గంగాలమ్మకు తన మాట నిజమేనన్న ధైర్యం వచ్చింది. పొట్టు రేగిన రెండింటికి బదులు రెండే కొంది. చార్జరు వద్దంది. దేవీప్రసాద్ ఇంకోసారి చెప్పబోయి, ఆమె మొహం చూసి చిల్లర లెక్కపెట్టాడు.

ఆ సాయంత్రం ఆశ కంపెనీ నుంచి వచ్చి, గట్టు మీద పడి ఉన్న ఖాళీ ప్యాకెట్టు తీసి చదివింది. కెమెరాలో ఎన్ని కొత్తవి వేశావని అడిగింది. అత్తగారు అటు తిరిగి బుట్ట కడుక్కుంది. ఆశే మూత తీసి చూసింది.

"అత్తా, పేకెట్టు వెనకాల రాసుంది. పాతవీ కొత్తవీ కలపొద్దంట."

"రాసినోడు కూడా అమ్ముకునేవోడే కదే. నాలుగు కొనండి అని రాత్తాడు గానీ రెండు సాలు అని రాత్తాడేటి?"

ఆశ మూత బిగించి కెమెరాను బియ్యం డబ్బా మీద పెట్టేసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. కోడలి నోరు మూయించడం తన గెలుపేనని గంగాలమ్మ తృప్తిపడింది.

కొత్త బ్యాటరీలు వచ్చిన మర్నాడు, ఆ మర్నాడు బోట్లు దగ్గరికి రాలేదు. గంగాలమ్మ రాళ్ళగుట్ట మీద కూర్చుని కొంగల ఫొటోలు, దూరంగా లంగరు వేసిన ఓడల ఫొటోలు తీసి, కెమెరా బాగానే ఉందని, ఆ దుకాణంవాడు దొంగమాటలు చెప్పాడని మొగుడికి చెప్పింది. అర్జునరావు వలకు కొత్తముక్క కలుపుకుంటూ ఊఁ అన్నాడు. ఆ ఊఁలో ఎంత నమ్మకం ఉందో అతనికే తెలియాలి.

ఆ తర్వాత వచ్చింది. నీలంరంగు బోటు, కేబిను మీద పసుపు పట్టీ. గణేష్ వాళ్ళ జెండాలు ఎక్కడ ఊగుతున్నాయో, నేరుగా అటే వస్తోంది. గంగాలమ్మ గుట్టమీద లేచి నిలబడి మర లాగింది. జెండాలు దగ్గరికి వచ్చాయి. బోటు దగ్గరికి వచ్చింది. కేబిను మీద అంకెలు మసకమసకగా కనబడుతున్నాయి, ఇంకాస్త లాగితే చదవొచ్చు. ఇంకాస్త లాగింది. తెర నల్లబడింది. మర సగంలో ఆగిపోయి, వెనక్కి కూడా వెళ్ళకుండా, నాలుక చాపుకున్నట్టు బయటే ఉండిపోయింది. ఆమె మీట నొక్కింది, మూత తీసి బ్యాటరీలు అటూ ఇటూ తిప్పి వేసింది, కెమెరాను అరచేత్తో కొట్టింది. బోటు జెండాల మీదుగా వెళ్ళిపోయింది. జెండాలు వంగి, మునిగి, ఒకటి మాత్రం తేలింది.

ఆ రోజు గణేష్ అన్నం తినలేదు. తెగిన వలను ఇంటి ముందు పడేసి, దాని పక్కనే కూర్చుండిపోయాడు. నిద్ర ఎక్కువని రోజూ తిట్టే కొడుకు, నిద్రపోకుండా అలా కూర్చుంటే గంగాలమ్మకు ఏం తిట్టాలో తోచలేదు. తోచకపోవడంతో కోపం దుకాణం మీదికి మళ్ళింది.

కెమెరా పట్టుకుని డాబాగార్డెన్స్ వెళ్ళింది. నకిలీ సరుకు అమ్మి తన కొడుకు వల పోగొట్టాడని వీధి వినేలా అంది. దేవీప్రసాద్ ఎదురు తిట్టలేదు. బ్యాటరీలు నాలుగూ తీసి, మీటరు తీగల కొనలు ఒక్కోదానికి ఆనించి, ముల్లు ఎక్కడ ఆగుతోందో ఆమెనే చూడమన్నాడు. ముల్లు రెండింటికి లేచింది. రెండింటికి లేవలేదు. లేవనివి పాతవి.

"నీ మీటరు నీ మాటే వింటాది," అని ఆమె బ్యాటరీలు ఏరుకుని వచ్చేసింది. ముల్లు లేవకపోవడం తన కళ్ళతో చూసింది. ఒప్పుకోవడం వేరే సంగతి.

ఈ సంగతులేవీ ఆశతో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. గోడల మీదుగా మాట వినబడే పేట అది. ఆదివారం ఆశ తన సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీసింది. ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించింది. తెల్లటి బ్యాటరీలు నాలుగు, వాటితోపాటు కొత్త చార్జరు. అత్తగారి ముందే వాటిని చార్జింగుకు తగిలించింది. తర్వాత తన గోళ్ళరంగు సీసా తెచ్చి, నాలుగింటి నెత్తిన ఒక్కో ఎర్రచుక్క పెట్టి ఆరబెట్టింది.

"బేట్రీలకి బొట్టెడుతున్నావేటే?" అంది గంగాలమ్మ.

"ఈ నాలుగూ ఒక జట్టు. ఇందులోంచి ఒకటి తీసి ఇంకోదాంతో కలపకూడదు. కలిపితే నీకే తెలుత్తాది," అంది ఆశ. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె అంత పొడవు మాట అనడం అదే మొదలు.

గంగాలమ్మ తన జన్మలో బ్యాటరీలకు కాపురం పెట్టడం చూడలేదని గొణిగింది. కానీ పాత రెండింటినీ తీసుకెళ్ళి తనే పెరటి చెత్తడబ్బాలో పడేసింది. వాటితో దేవీప్రసాద్ దగ్గర కొన్న రెండింటిని కూడా పడేయబోతే ఆశ ఆపి, అవి గోడ గడియారానికి పనికొస్తాయని తీసి ఉంచింది.

తర్వాతి వారంలో ఒక పొద్దున అదే నీలంబోటు మళ్ళీ వచ్చింది. ఈసారి మర ఎంత లాగితే అంత వెళ్ళింది. అంకెలు, పసుపుపట్టీ, కేబిను పక్కన బనీనుతో నిలబడ్డ మనిషి, ముందు వంగిన జెండా, అన్నీ ఒక్క ఫొటోలో పడ్డాయి. గంగాలమ్మ ఆగకుండా నొక్కుతూనే ఉంది. కెమెరా అలసిపోలేదు. వల మాత్రం మళ్ళీ తెగింది. ఆమె చెంగు బిగించి గుట్ట దిగింది.

హార్బరులో సంఘం గదిలో కూర్చున్నారు. పేట పెద్దలు, గంగాలమ్మ ఇంటివాళ్ళు ఒకవైపు, బోటు ఓనరు, అతని సరంగు జగ్గయ్య ఒకవైపు. బోటు నడిపేది జగ్గయ్యే. ముప్పై ఏళ్ళుగా చుక్కాని పట్టినవాడు, ఎండకు మాడి, కళ్ళచుట్టూ ముడతలు పడ్డవాడు. ఆశ కంపెనీకి సెలవు పెట్టి, ఫొటోలు పెద్దవిగా అచ్చు వేయించి తెచ్చింది. బల్లమీద పరవగానే పెద్దలు ముందుకు వంగారు. ఓనరు కూడా వంగాడు. తర్వాత వెనక్కి ఆనుకుని నవ్వాడు.

ఫొటో మూలన పసుపురంగులో తేదీ ఉంది. రెండు వేల పదమూడు, జనవరి ఒకటి. బ్యాటరీలు తీసి వేసినప్పుడల్లా కెమెరాలో గడియారం మొదటికి వెళ్ళిపోతుందని, దాన్ని సరిచేయాలని గంగాలమ్మకు తెలియదు. ఆశకూ తట్టలేదు. ఓనరు తన బోటు తయారై మూడేళ్ళే అయిందని, పుట్టని బోటు ఎవరి వల కోసిందో పెద్దలే చెప్పాలని అన్నాడు. గది నవ్వింది. పేట పెద్దల్లో కూడా ఒకడు నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పుట్టని బోటు ఫొటోలో ఎలా పడిందని ఆశ అడిగింది. ఏదో ఒక రోజు పడి ఉండొచ్చు, వల తెగిన రోజే పడిందని రుజువేమిటని ఓనరు అన్నాడు.

గంగాలమ్మ ఓనరును వదిలేసింది. అతనిలాంటివాళ్ళ మొహాన ఏం ఉమ్మినా తుడుచుకుని కూర్చుంటారని ఆమెకు తెలుసు. జగ్గయ్య వైపు తిరిగింది.

"ఈ ఓనరుకి సముద్రం తెలీదు, వదిలేద్దాం. నువ్వు సరంగువి కదా. అంతేసి జెండాలు కట్టుంటే కనబడలేదంటే నీ కళ్ళు పోయినట్టే. కళ్ళు పోయినోడు ఒడ్డున కూకుని వలలు కుట్టుకోవాల. చుక్కాని పట్టుకుని నలుగురి పొట్ట కొట్టకూడదు. గుడ్డోడికి బోటిచ్చినోడు ఇంకా గుడ్డోడు."

జగ్గయ్య మెడ నరాలు పొంగాయి. ఓనరు అతని మోచేతి మీద చెయ్యి వేశాడు. జగ్గయ్య ఆ చెయ్యి తోసేశాడు.

"నాకా కళ్ళు పోనాయి? నీ జెండాలు నాను ఎంత దూరాన్నుంచి సూసానో నీకేటి తెల్సు? రెండు నల్లవి, ఒకటి ఎర్రది. ఎర్రదానికి కర్ర కూడా వంకరగుంది. ఆ నీటి లాగుడులో బోటు తిప్పడం నీ మొగుడివల్ల అవుతాదేటి?"

జగ్గయ్య తను ఏమన్నాడో అందరికంటే ఆఖరున తెలుసుకున్నాడు. ఓనరు అతని వంక చూడకుండా ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. అర్జునరావు మెల్లగా, ఎర్రజెండా కర్ర నిజంగానే వంకరని, తనే కట్టాడని చెప్పాడు.

సంఘంవాళ్ళకు ఇక తప్పలేదు. ఓనరు కొత్త వల ఇప్పించాలని, మళ్ళీ ఒడ్డు దగ్గర లాగితే బోటు కట్టేస్తామని తీర్మానించారు. వల వచ్చింది. అనుకున్నంత పొడవు లేదు, దారం కూడా కాస్త నాసిగా ఉంది. ఇచ్చేటప్పుడు కూడా చెయ్యి వణికే జాతని గంగాలమ్మ ఓనరును తిట్టిపోసింది. అయినా గణేష్ దాన్ని భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు. ఆ రాత్రి నిద్రపోయాడు. మర్నాడు ఆలస్యంగా లేచినా తల్లి ఏమీ అనలేదు.

ఆశ కెమెరాలో తేదీ, సమయం సరిచేసింది. ఎలా సరిచేయాలో అత్తగారికి చూపించింది. గంగాలమ్మ చూస్తూ, ఈ మీటలు కనిపెట్టినవాడికి పని లేదని, ఒక్క మీటలో అయ్యేదానికి ఆరు మీటలు పెట్టాడని అంది. కానీ చూడడం మానలేదు. రెండోసారి తనే నొక్కింది. ఆశ పక్కనే కూర్చుని, తప్పు నొక్కినప్పుడు మాత్రం వేలు చూపించింది.

వేసవి వేట నిషేధం ముందు ఒక ఉదయం గంగాలమ్మ హార్బరులో వేలంపాట దగ్గర చందువ చేపలు పాడుకుని బుట్టకు ఎత్తుతుంటే జగ్గయ్య ఎదురయ్యాడు. అతని చేతిలో ఐసుగడ్డలు పగలగొట్టే కర్ర ఉంది. ఓనరు తనను బోటు నుంచి దింపేశాడని, ఇప్పుడు ఐసు కొట్టే పని దొరికిందని, ఆమె అడగకుండానే చెప్పాడు. ఒడ్డుకు దగ్గరగా లాగమన్నది ఓనరేనని, డీజిలు మిగులుతుందని తనను తరిమాడని కూడా చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు.

"నీ ఫొటోకి నాను బెదరలేదు గంగాలమ్మా. గుడ్డోడన్నావు సూడు. అది పడలేకపోనాను," అన్నాడు.

గంగాలమ్మ బుట్ట కిందికి దించింది. ఓనరును తిట్టడానికి మాటలు చాలానే వచ్చాయి, తిట్టింది కూడా. అవి అయిపోయాక ఇంకా ఏదో అనవలసింది మిగిలిపోయింది.

"నీ కళ్ళకేటీ దోషం లేదు. నాకు తెల్సు," అంది.

జగ్గయ్య తల ఊపి, ఐసు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె బుట్ట ఎత్తుకుని ఆటో ఎక్కింది. డ్రైవరు ఎక్కించుకోవాల్సినదానికంటే ఎక్కువమందిని ఎక్కించి, ఆమె బుట్టను ఎవరి కాళ్ళమధ్యో ఇరికించాడు. పేట వచ్చేదాకా గంగాలమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు.